పారేయడం తెలియని ఊరు

పోర్టోలో చాలా ఇళ్లకి సున్నం వేసే పని లేదు. వీధివైపు గోడ కింది నుంచి పైదాకా టైల్సే. పోర్చుగల్ ఉత్తరాన, డౌరో నది అట్లాంటిక్‌లో కలిసే చోట ఉన్న ఊరిది. చలికాలమంతా సముద్రం మీంచి వచ్చే వానలో గోడలు నానుతూనే ఉంటాయి. చర్చిల్లో, జమీందారీ భవనాల్లో లోపలి గోడలకి అలంకారంగా ఉండే టైల్స్‌ని పందొమ్మిదో శతాబ్దంలో మామూలు గృహస్థులు వీధి గోడకి అంటించుకున్నారు. బ్రెజిల్ వెళ్లి నాలుగు డబ్బులు సంపాదించి తిరిగొచ్చినవాళ్లు ఈ అలవాటు తెచ్చారంటారు. వాన పడితే గోడ కడిగినట్టవుతుంది, చెమ్మ లోపలికి దిగదు, పైగా చూడముచ్చటగా ఉంటుంది.

ఆ టైల్‌ని అక్కడ అజులేజో అంటారు. దాదాపు పద్నాలుగు సెంటీమీటర్ల చదరం. దాన్ని తయారుచేసే చోట కూర్చుని చూడటం నాకు ఏ కోటా, ఏ మ్యూజియమూ ఇవ్వని తృప్తినిచ్చింది. ఒకసారి కాల్చిన మట్టిపలకని తగరం కలిసిన తెల్లటి గ్లేజ్‌లో ముంచి ఆరబెడతారు. పైన ముగ్గుపిండిలాంటి పొర నిలుస్తుంది. బొమ్మ గీసిన కాగితానికి గీతల వెంట సూదితో బెజ్జాలు పొడిచి, పలక మీద పరిచి, బొగ్గుపొడి మూటతో అద్దుతారు. చుక్కలు దిగుతాయి. ఆ చుక్కల వెంట కోబాల్ట్ రంగుతో కుంచె నడవాలి. పొడిపొర రంగుని తాకీ తాకగానే పీల్చేస్తుంది. చెరపడం, దిద్దడం కుదరదు. చెయ్యి ఆగితే ఆగినచోట మరక ముదురుతుంది. చిత్రమేమిటంటే, గీస్తున్నప్పుడు నీలం కనిపించదు. మసకబారిన బూడిదరంగే కనిపిస్తుంది. మళ్లీ కొలిమిలో పెట్టి వెయ్యి డిగ్రీల దాకా కాలిస్తేనే ఆ నీలం బయటికొస్తుంది. కంటికి కనబడని రంగుతో లేత ఛాయ, ముదురు ఛాయ తేడా పట్టుకుంటూ పనిచేసే చేతుల ముందు ఎంతసేపు కూర్చున్నా తనివి తీరలేదు.

ఈ పనికి పెద్ద వేదిక సావ్ బెంతో రైల్వే స్టేషన్. 1916లో మొదలైంది. హాల్లో జోర్జ్ కొలాసో చిత్రించిన టైల్స్ ఇరవై వేల దాకా ఉంటాయి. ఒక గోడ మీద యుద్ధాలు, రాజుల ఊరేగింపులు; ఇంకోచోట పంటకోతలు, మరలు. సూట్‌కేసులు లాక్కుంటూ పరిగెత్తే జనం మధ్య నిలబడి తలెత్తి చూడాలి. నాకు రాజుల కంటే పొలం పనులే ఎక్కువ నచ్చాయి.

అయితే నన్ను కట్టిపడేసింది స్టేషన్ కాదు, సందుల్లో అక్కడక్కడా పళ్లూడినట్టున్న గోడలు. టైల్స్ రాలిపోతాయి, దొంగలు ఊడబీకుతారు, ఇల్లు పడగొడితే కుప్పగా పోతాయి. పోర్టో మునిసిపాలిటీ ఇందుకోసం ఒక ‘సామగ్రి బ్యాంకు’ నడుపుతోంది. కూలిన ఇళ్ల నుంచి టైల్స్‌నీ, ఇతర అలంకార సామగ్రినీ సేకరించి, రకాలవారీగా సర్ది పెడతారు. ఇల్లు బాగుచేయించుకునేవాళ్లు వెళితే సరిపోలిన డిజైన్ ఉన్నంతవరకూ ఇస్తారు. పక్కవీధిలో పోయిన ఇంటి టైలు ఈ వీధిలో ఇంకో ఇంటిని పూర్తిచేస్తుంది. మన ఊళ్లలో పెంకుటిల్లు పడగొడితే టేకు ద్వారబంధాలు, చెక్కిన స్తంభాలు పాత కలప అడితికి వెళ్లి, అక్కడి నుంచి ఏ రిసార్టుకో చేరతాయి. ఆ ఇంటి పక్కింటికి మాత్రం చేరవు. ఏ పురపాలక సంఘమైనా ఇలాంటి గోదాము ఒకటి పెడితే ఎంత బాగుండు అని నాకు గట్టిగా అనిపించింది.

2017లో పోర్చుగల్ టైల్స్ ఉన్న గోడల్ని ఇష్టమొచ్చినట్టు పడగొట్టకుండా చట్టం తెచ్చింది. అంతకు పదేళ్ల ముందే, 2007లో, దొంగతనాలని ఆపడానికి ‘ఎస్ఓఎస్ అజులేజో’ అనే ప్రయత్నం మొదలైంది. మనవాళ్లు ఇప్పుడు యూరప్ బాగా తిరుగుతున్నారు కాబట్టి ఒక మాట: పాతసామాన్ల సంతలో విడి టైలు ముచ్చటగా కనిపించినా కొనకండి. అది ఎవరి గోడదో! ఇవాళ గీసేవాళ్ల దగ్గర కొత్తది కొనండి, వాళ్లకి నాలుగు రోజుల కూలి గిడుతుంది.

స్టేషన్ గోడ మీద 1415లో పోర్చుగల్ సేన ఉత్తర ఆఫ్రికాలోని స్యూతాని గెలిచిన దృశ్యం ఉంది. పోర్టో వాళ్ల భోజనానికీ ఆ దండయాత్రకీ ముడిపెట్టే కథ ఒకటుంది. ఓడలకి మాంసమంతా ఇచ్చేసి ఊరివాళ్లు పేగులూ పొట్టా తమకి ఉంచుకున్నారట. అందుకే పోర్టో వాళ్లని ఇప్పటికీ ‘బోటి తినేవాళ్లు’ అని పిలుస్తారు, వాళ్లూ ఆ పేరుని గర్వంగా మోస్తారు. కథ ఎలా ఉన్నా కూర మాత్రం గొప్పది. ఆవు బోటి, తెల్ల చిక్కుడుగింజలు, సాసేజ్, క్యారెట్, కాస్త జీలకర్ర. పక్కన అన్నం. నిదానంగా ఉడికి గింజలూ బోటీ ఒకే మెత్తదనానికి వచ్చిన ఆ గిన్నె నేను ఇష్టంగా తిన్నాను. ఊరంతా బోర్డులు పెట్టి అమ్మే ఫ్రాన్సెసీన్యా, అంటే మాంసం పొరల మీద చీజ్ కరిగించి బీరు సాస్ పోసిన బ్రెడ్డు, నాకు బరువుగా తోచింది.

1886 నాటి దోమ్ లూయిస్ ఇనుప వంతెన దాటితే అవతల గాయా. పోర్ట్ వైన్ గిడ్డంగులు ఎక్కువగా అక్కడే. ద్రాక్ష పండేది నదికి ఎగువన, 1756లోనే ప్రభుత్వం హద్దులు గీసిన డౌరో లోయలో. రసం పులుస్తుండగా మధ్యలో 77 శాతం ఘాటున్న ద్రాక్షసారా పోస్తారు. పులవడం ఆగిపోతుంది, ద్రాక్షలోని తీపి మిగిలిపోతుంది. తర్వాత చల్లటి గిడ్డంగిలో ఏళ్లతరబడి ఓక్ పీపాల్లో ఉంచుతారు. టానీ అనే రకం పీపాలోనే ఎరుపు వదిలి తేనెరంగుకి తిరుగుతుంది. దాని వాసనలో ఎండుఫలాలూ వాల్‌నట్లూ తగిలాయి. వేరే వైన్లకి కొత్త పీపాల్ని ఏరికోరి తెచ్చుకునేవాళ్లుంటారు. పోర్ట్‌కి పాతవే కావాలి, ఎందుకంటే చెక్క రుచి వైన్‌లోకి దిగకూడదు. అందుకని పీపా కారితే పారేయరు. పీపాలు చేసే కార్మికులు కట్లు విప్పి, చెడిన చెక్క ఒక్కటే మార్చి, మళ్లీ బిగిస్తారు. దశాబ్దాలు పనిచేసి సెలవు పుచ్చుకున్న పీపాల్లో కొన్ని స్కాట్లండ్ చేరి విస్కీకి రంగూ తీపీ అద్దుతాయి.