నాన్నలు ఏడ్చే ఆట

2019లో నాలుగు నెలల తేడాతో తెలుగులో రెండు క్రికెట్ సినిమాలొచ్చాయి. ఏప్రిల్లో గౌతమ్ తిన్ననూరి ‘జెర్సీ’, ఆగస్టులో భీమనేని శ్రీనివాసరావు ‘కౌసల్య కృష్ణమూర్తి’. మొదటిదానికి జాతీయ అవార్డు వచ్చింది, జనం ఇప్పటికీ తలుచుకుంటారు. రెండోది తమిళ ‘కనా’కి రీమేక్. వచ్చినట్టు కూడా చాలామందికి గుర్తులేదు. ఈమధ్య రెండూ వరసగా చూశాను. చూశాక తట్టిన మొదటి సంగతి, ఇవి ఒకే కథని అటూ ఇటూ తిప్పి చెప్పినట్టున్నాయని. ఒకదాంట్లో నాన్న కోసం కూతురు ఆడుతుంది. ఇంకోదాంట్లో కొడుకు కోసం నాన్న ఆడతాడు. (తమిళ ‘కనా’లో రైతు తండ్రిగా వేసిన సత్యరాజే ‘జెర్సీ’లో కోచ్. అదొక తమాషా.)

కౌసల్య చిన్నప్పుడు ఇండియా మ్యాచ్ ఓడిపోతే వాళ్ళ నాన్న కళ్ళలో నీళ్ళు తిరగడం చూస్తుంది. నేను ఆడి నాన్నని నవ్విస్తాను అనుకుంటుంది. సినిమా మొత్తానికి ఇంజన్ అదే. రాజేంద్రప్రసాద్ ఆ సీన్లో ఏమీ ‘నటించడు’. మామూలుగా కూర్చుని టీవీ చూసే మనిషి లోపల్లోపల కుంగిపోవడం కనిపిస్తుంది, అంతే. పిల్ల ఆయన వైపు చూసే చూపు కూడా బాగుంటుంది. చిన్నపిల్లలకి ప్రపంచకప్ అర్థం కాదు, నాన్న మొహం అర్థమవుతుంది. ఆట మీద ఇష్టం ఆట నుంచే పుట్టక్కర్లేదనే ఈ పరిశీలన నిజమైనది. చాలామంది ఇళ్ళలో అలాగే పుట్టింది.

చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. వానల్లేవు, పంట పోయింది, అప్పు పెరిగింది, బ్యాంకువాళ్ళు ఇంటి మీదకొచ్చారు. ఒక్కో కష్టం వచ్చినప్పుడల్లా కౌసల్య బంతి ఇంకొంచెం బరువెక్కుతుంది. సినిమా సగానికొచ్చేసరికి ఆ అమ్మాయికి ఆడటం ఇష్టమా కాదా అన్న ప్రశ్నే మాయమైపోతుంది. ఆమె అప్పు తీరుస్తోంది. చివర మైకు పట్టుకుని రైతుల గురించి మాట్లాడుతుంది. ఆ మాటల్లో తప్పేం లేదు. కానీ బంతిని తిప్పి వికెట్ తీసినప్పుడు ఒంట్లో పుట్టే ఆ అల్లరి సంతోషం ఒక్క షాట్లో కూడా దొరకదు.

ఇది నాకు బాగా తెలిసిన లెక్క కాబట్టే గుచ్చుకుంది. మా తరంలో ఇంజనీరింగ్‌కి వెళ్ళినవాళ్ళలో సగం మంది ఈ ఇంధనం మీదే నడిచాం. నాన్న అప్పు చేసి కోచింగ్‌లో చేర్పిస్తాడు, అమ్మ గాజులు బ్యాంకుకి వెళ్తాయి, మనం ర్యాంకు తెస్తాం. ర్యాంకు తీసి బ్యాట్ పెడితే సినిమా అయిపోతుంది. ఆ ఇంధనం పనిచేయదని కాదు, అద్భుతంగా పనిచేస్తుంది. చదివినదాన్ని ప్రేమించామా అని మాత్రం ఎవరూ అడగలేదు.

‘జెర్సీ’ ఈ విషయంలో తెలివైన సినిమా. అర్జున్‌కి ఆట ముందు, కొడుకు తర్వాత. అతను ఇరవై ఆరేళ్ళకి బ్యాట్ వదిలేసి, ముప్ఫై ఆరేళ్ళకి మళ్ళీ పట్టుకుంటాడు. కొడుకు అడిగిన ఐదువందల రూపాయల జెర్సీ ఒక సాకు లాంటిది. లోపల ఆగిపోయినది అంతకు ముందే ఉంది. రైలు వెళ్తున్నప్పుడు ప్లాట్‌ఫామ్ మీద ఆ గావుకేక కొడుకు కోసం కాదు, పూర్తిగా అతనిదే. నాని కెరీర్‌లో అంతకంటే మంచి సీన్ నేను చూడలేదు. అయితే ఈ సినిమాకీ ఒక బాకీ ఉంది, సారా. ఆ ఇల్లు నడిచేది ఆమె హోటల్ ఉద్యోగం మీద. భర్త ఆమె పర్సులోంచి డబ్బు తీయబోతాడు. తనకి నచ్చకపోయినా, అతను మళ్ళీ ఆటలోకి వెళ్ళగలిగింది ఆమె జీతం వల్లే. కథ ఆమెని కోప్పడే మనిషిగా చూపించి, చివర్లో క్షమించే మనిషిగా వదిలేసింది. ‘కౌసల్య’లో అమ్మ ఝాన్సీకీ అదే గతి. నాన్నల కన్నీళ్ళకి క్లోజప్పులు, అమ్మల సంపాదనకీ సణుగుడికీ బ్యాక్‌గ్రౌండ్.

రెంటిలోనూ లేనిది ఇంకొకటుంది. క్రికెట్ పదకొండు మంది ఆట. కౌసల్య టీమ్‌లో మిగతా పదిమందిలో ఒక్కరికైనా ఇల్లు ఉందా? వాళ్ళ నాన్నలు ఎక్కడ? వాళ్ళు ముందు ఎగతాళికి, తర్వాత చప్పట్లకి పనికొస్తారు.

ఇది రాస్తుంటే 2024 డిసెంబర్ 28, మెల్‌బోర్న్ గుర్తొస్తోంది. విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి సెంచరీ. వాళ్ళ నాన్న ముత్యాల రెడ్డి కొడుకు ఆట కోసం హిందుస్థాన్ జింక్‌లో ఉద్యోగం వదిలేసుకున్నారు. డబ్బుల ఇబ్బందితో నాన్న ఏడుస్తుంటే చూశాకే ఆటని సీరియస్‌గా తీసుకున్నానని నితీశే చెప్పాడు. అచ్చంగా కౌసల్య కథ. కెమెరా కూడా సినిమా కెమెరాలాగే స్టాండ్స్‌లో ఆయన మీదే నిలబడింది, దండం పెట్టుకుంటూ, తర్వాత ఏడుస్తూ. మనమూ ఏడ్చాం.

కానీ మైదానంలో జరిగింది వేరే కథ. వాషింగ్టన్ సుందర్ 162 బంతులాడి 50 కొట్టి, ఎనిమిదో వికెట్‌కి 127 పరుగులు జోడించడానికి తోడున్నాడు. నితీశ్ 99 మీద ఉండగా బుమ్రా డకౌట్. చివరి బ్యాట్స్‌మన్ సిరాజ్ వచ్చి కమిన్స్ వేసిన మూడు బంతులు కాచుకున్నాడు. తర్వాతి ఓవర్లో నితీశ్ బోలండ్‌ని ఫోర్ కొట్టాడు. సిరాజ్ తండ్రి హైదరాబాద్‌లో ఆటో నడిపినాయన. 2020 నవంబర్లో ఆయన పోయినప్పుడు సిరాజ్ ఇదే ఆస్ట్రేలియాలో ఉన్నాడు, ఇంటికి రాలేదు, అక్కడే ఉండి ఆడాడు. నాన్న లేని కొడుకు మూడు బంతులు ఆపితే, స్టాండ్స్‌లో ఉన్న నాన్న కొడుకు సెంచరీ చూశాడు.

మన సినిమాలకి ఇంకా ఈ మూడు బంతులు కనపడటం లేదు. కథ రాసేవాళ్ళు కెమెరాని స్టాండ్స్ నుంచి కాస్త దించి నాన్-స్ట్రైకర్ ఎండ్ నుంచి చూస్తే అక్కడ ఇంకో ఇల్లు, ఇంకో నాన్న ఉంటారు. ‘జెర్సీ’ చూడండి, రెండోసారైనా. ‘కౌసల్య’లో మొదటి ఇరవై నిమిషాలు చూస్తే చాలు.