రెండు మార్కులు, ఎనిమిది మార్కులు

స్పాట్ వాల్యుయేషన్ క్యాంపులో బండిల్ విప్పుకుని కూర్చున్న అధ్యాపకులందరికీ ఇది అనుభవమే: ఒకే జవాబుపత్రం మీద పెన్ను రెండు రకాలుగా నడుస్తుంది. రెండు మార్కుల జవాబు దగ్గర కన్ను కావలసిన మాటను వెతుక్కుంటుంది, కనబడగానే టిక్కు పడుతుంది. ఎనిమిది మార్కుల జవాబు దగ్గర పెన్ను ఆగుతుంది. పిల్లవాడు ఏ దారిన పోతున్నాడో, దారి తప్పితే మళ్లీ ఎక్కడ కలుస్తాడో చూడాలి. మన ఇంటర్మీడియట్ ఫిజిక్స్ పేపరు ఏళ్ల తరబడి ఈ రెండు నడకల మీదే నిలబడింది. రెండేసి మార్కుల ప్రశ్నలు పది, ఎనిమిదింట్లో ఆరు నాలుగేసి మార్కులవి, మూడింట్లో రెండు ఎనిమిదేసి మార్కులవి, వెరసి 60. అతిస్వల్ప, స్వల్ప, దీర్ఘ సమాధాన ప్రశ్నలన్న పేర్లు తెలియని ఇల్లు మన దగ్గర అరుదు. నాకు ఈ ప్రశ్నలన్నీ ఇష్టమే. ఒకదాన్ని ఎత్తడానికి రెండోదాన్ని దించే మాటలు విన్నప్పుడల్లా మనసు కష్టపడుతుంది.

వ్యాసరూప ప్రశ్న విద్యార్థికి ఖాళీ జాగా ఇస్తుంది. ఎక్కడ మొదలుపెట్టాలో, దేన్ని వదిలేయాలో, దేని తర్వాత ఏది రావాలో అతనే తేల్చుకోవాలి. స్వల్ప సమాధాన ప్రశ్నలోనైతే ఆ తేల్చుకోవడం చాలావరకు పంతులే ముందు చేసిపెడతాడు. హద్దులు గీసి, ఈ గిరిలో నిలబడి చెప్పమంటాడు. అందుకే మొదటిదాంట్లో పంతులు కష్టమంతా పరీక్ష అయ్యాక చదవడంలో ఉంటే, రెండోదాంట్లో పరీక్షకు ముందు ప్రశ్న కూర్చడంలో ఉంటుంది. ఈ రెంటి తేడా జవాబు పొడవులో ఉందనుకుంటాం గాని, అసలు తేడా ఈ కష్టం పంపకంలోనే ఉందని నా నమ్మకం.

మనందరికీ తెలిసిన కన్యాశుల్కాన్నే తీసుకుందాం. కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం ఎందుకు వేయిస్తాడు? రెండు వాక్యాల్లో రాయమంటే చాలు, నాటకం చదివిన పిల్ల ఎవరో గైడు చదివిన పిల్ల ఎవరో తెలిసిపోతుంది. మేనకోడలు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకు కట్టబెట్టకుండా ఆపడానికి అన్నది ఒక వాక్యం. తక్కువ సొమ్ముకు ఇంకో పిల్ల దొరుకుతుందని ఆ ముసలివాడికి ఆశ చూపడానికి అన్నది రెండోది. ఈ రెండో వాక్యం రాసిన పిల్లకు లుబ్ధావధాన్లు పిసినారితనమే కథను తిప్పే ఇరుసని అర్థమైందన్నమాట. రెండు మార్కుల జాగాలో అంత సంగతి బయటపడుతుంది.

అదే వేషం గురించి వ్యాసం అడగవచ్చు. మంచిపని కోసం ఆడిన అబద్ధాన్ని గురజాడ ఎలా చూశాడు? ఇప్పుడు కరటకశాస్త్రి ఒక్కడే చాలడు. తన సుఖం కోసం అబద్ధమాడే గిరీశం పక్కన అతన్ని నిలబెట్టాలి. మధురవాణి రావాలి. చివర్లో సౌజన్యారావు పంతులి దగ్గరికి ఆమె మగవేషంలో వెళ్లిన సంగతి గుర్తుకు రావాలి. మగపిల్లవాడికి ఆడవేషం, ఆడమనిషికి మగవేషం: ఈ రెండు వేషాల మధ్య ఉన్న దారం పట్టుకున్న పిల్ల తడబడుతూ రాసినా, అక్షరదోషాలతో రాసినా, నేను ఆ పేజీని రెండుసార్లు చదువుతాను. ఆ దారం చూపించే అవకాశం స్వల్పప్రశ్నలో లేదు. అలాగని మొదటి ప్రశ్నలో తేలిన నిక్కచ్చి సంగతి వ్యాసంలో తేలుతుందన్న హామీ కూడా లేదు. మాటల ప్రవాహంలో అది కొట్టుకుపోవచ్చు.

రెంటికీ చెడ్డపేరు తెచ్చే ప్రశ్నలున్నాయి. నాటకం 1897లో అచ్చయిందనీ, దాదాపు తిరగరాసిన రెండో కూర్పు 1909లో వచ్చిందనీ తెలిసి ఉండటం మంచిదే. కానీ ఆ సంవత్సరాలు మాత్రమే అడిగే ప్రశ్న జ్ఞాపకాన్ని తడిమి వదిలేస్తుంది. అదేవిధంగా ‘గిరీశం పాత్రచిత్రణను వివరించండి’ అన్న ప్రశ్న వ్యాసం వేషంలో వచ్చిన కంఠతా పాఠమే. ఇంపార్టెంట్ ప్రశ్నల జాబితాలో దానికి నాలుగు పేజీల జవాబు సిద్ధంగా ఉంటుంది. అంటే అది కూడా స్వల్ప సమాధానమే, కాకపోతే పొడవెక్కువ.

వ్యాసం మీద అతి పాత ఫిర్యాదు దిద్దేవారి చేతుల్లో నిలకడ లేదన్నది. 1888లోనే ఇంగ్లండులో ఎడ్జ్‌వర్త్ అనే పండితుడు పరీక్షల మార్కుల్లో ఎంత వంతు అదృష్టమో లెక్కకట్టడానికి పూనుకున్నాడు. 1912లో అమెరికాలో స్టార్చ్, ఇలియట్ అనే ఇద్దరు ఒకే ఇంగ్లీషు జవాబుపత్రం నకళ్లను నూటికి పైగా బళ్ల టీచర్లతో దిద్దిస్తే, అత్యల్పానికీ అత్యధికానికీ మధ్య 30 మార్కులకు పైగా ఎడం తేలింది. భాష కాబట్టి అలా జరిగిందన్నవాళ్లకు జవాబుగా వారు జ్యామితి పేపరునూ దిద్దించారు. అక్కడ ఎడం ఇంకా పెరిగింది. ఒకే పేపరుకు 30 లోపు వేసినవారున్నారు, 90 పైన వేసినవారున్నారు. ఒకరు చివరి జవాబును చూస్తే ఇంకొకరు స్టెప్పులు చూస్తారు, వేరొకరు పటం శుభ్రంగా ఉందా అని చూస్తారు. నిలకడలేమి వ్యాసం ఒక్కదాని జబ్బు కాదని ఆ జ్యామితి పేపరు చెప్పిన మాట ఎక్కువమంది చెవికెక్కలేదు.

స్వల్పప్రశ్న బలం ఇక్కడే ఉంది. ఇరవై చిన్న ప్రశ్నలు పుస్తకమంతా తిరిగి వస్తాయి. మూడు పెద్ద ప్రశ్నలైతే మూడు గదులే తెరుస్తాయి, నాలుగో గది చదివిన పిల్లవాడు బయటే నిలబడతాడు. కానీ దాని బలహీనతా అక్కడే పుడుతుంది. కీలో లేని సరైన జవాబు రాసిన పిల్లకు సున్నా పడటం నేను కళ్లారా చూశాను. ఆ ఆడవేషం ప్రశ్నకే ఒకసారి ఒక అమ్మాయి, లుబ్ధావధాన్లు ఆశే అతనికి శిక్ష కావాలని శాస్త్రి కోరుకున్నాడని రాసింది. కీలో సుబ్బి పేరుంది, జవాబులో లేదు. చీఫ్ ఎగ్జామినర్‌తో అరగంట మాట్లాడితే గాని ఒక మార్కు కదల్లేదు. ఆ అరగంటలో నా పక్క బల్ల దగ్గర ఇద్దరు పిల్లల పేపర్లు పూర్తయ్యాయి.

మన దేశంలో ఈ రెండూ పక్కపక్కకు రావడానికి చరిత్ర ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా పనిచేసిన రాధాకృష్ణన్ అధ్యక్షతన 1948లో ఏర్పడిన కమిషన్, విశ్వవిద్యాలయాల్లో ఒకే ఒక్క సంస్కరణ చెప్పమంటే పరీక్షలనే చెబుతామంది. 1952–53 నాటి మొదలియార్ కమిషన్ వ్యాస పరీక్షల్లో సొంత అభిప్రాయాల పాలు తగ్గించమంది. ఆ దశకం చివర్లో అమెరికన్ విద్యావేత్త బెంజమిన్ బ్లూమ్ వచ్చి ఇక్కడి వారితో కలిసి పనిచేశాడు. ప్రశ్నపత్రంలో వ్యాసం పక్కన చిన్న ప్రశ్నలకు చోటు పెరగడం ఆ గాలి వీచాకే. వాటిని వ్యాసానికి తోడుగా తెచ్చారు. ఆచరణలో రెండూ ఒకే గైడులోకి చేరాయి.

ఈ చేరిక మన ఒక్కరి కథ కాదు. చైనా రాజపరీక్షల్లో ‘ఎనిమిది కాళ్ల వ్యాసం’ కొన్ని శతాబ్దాలు రాజ్యమేలింది. ఏ భాగం తర్వాత ఏ భాగం రావాలో, ఎక్కడ వాక్యాలు జంటలు జంటలుగా నడవాలో అంతా కట్టుదిట్టం. 1905లో ఆ పరీక్షలే పోయాయి. ఫ్రాన్సులో పాఠశాల ముగింపు పరీక్షలో తత్వశాస్త్రం పేపరుకు నేటికీ నాలుగు గంటలిస్తారు. ఒక్క ప్రశ్న మీద అంతసేపు ఆలోచించడానికి పద్దెనిమిదేళ్ల పిల్లలకు హక్కిచ్చిన ఆ దేశమంటే నాకు గౌరవం. అయితే అక్కడా వాదం, ప్రతివాదం, సమన్వయం అనే అచ్చులో పిల్లలు పోతపోసినట్టు రాస్తారన్న ఫిర్యాదు ఉంది. స్వల్పప్రశ్న ఒక్క మాటకు కుంచించుకుపోతే, వ్యాసం ఒక్క అచ్చుకు కుంచించుకుపోతుంది.

మన తెలుగు పేపర్లో ఈ రెండు కొసలూ కలిసే చోటొకటి ఉంది, సందర్భసహిత వ్యాఖ్య. ఒక వాక్యమిచ్చి కవి పరిచయం, సందర్భం, అర్థం, వ్యాఖ్య రాయమంటారు. మొదటి మూడూ స్వల్ప సమాధానాలే. తెలిసి ఉండాలి, అంతే. నాలుగోది చిన్న వ్యాసం, ఆలోచించాలి. నిక్కచ్చితనం మీద వ్యాఖ్యానం నిలబడాలన్న మన పాత పండితుల పద్ధతి ఆ నాలుగు మెట్లలో ఇమిడి ఉంది. దాని చివరి మెట్టు మీద నేను ఎన్నిసార్లు నిరాశపడ్డానో చెప్పలేను. ‘కవి చక్కగా వర్ణించాడు’ అన్న వాక్యం బండిల్‌కు బండిల్ దొర్లుతుంది. లోపం ప్రశ్నలో లేదు. ఆ మెట్టు మీద పిల్లలు ఏం రాసినా చదివేవారున్నారని మనం వాళ్లను నమ్మించలేదు.

అవధానం చూసినవారికి నేనంటున్నది సులువుగా తెలుస్తుంది. సమస్య ఇచ్చే పృచ్ఛకుడు ఒక్క పాదం చేతికిస్తాడు. వినడానికి అసంగతమైన ఆ పాదానికి మిగతా పాదాలు కూర్చి అర్థం నిలబెట్టాలి. ఇది స్వల్పప్రశ్న, గిరి చిన్నది. వర్ణన ఇచ్చే పృచ్ఛకుడు అంశం చెప్పి ఛందస్సు చెప్పి వదిలేస్తాడు. ఇది వ్యాసం. ఒకే సభలో ఒకే మనిషిని రెంటితోనూ పరీక్షిస్తారు, ఏది గొప్పదని ఎవరూ అడగరు. సమస్య కూర్చడానికి పృచ్ఛకుడు ముందే కష్టపడి ఉంటాడు, వర్ణన వినడానికి సభంతా తర్వాత చెవొగ్గి కూర్చుంటుంది. కష్టం పంపకం కుదిరింది కాబట్టే రెండూ పండుతాయి.

క్యాంపులో రోజుకు 30 పేపర్లు దిద్దే మనిషికి ఆ చెవి ఎక్కడిది? పాత పేపర్లు ముందు పెట్టుకుని ప్రశ్నలు కూర్చే మనిషికి ఆ ముందు కష్టం ఎక్కడిది? మార్కుల కేటాయింపు మార్చినప్పుడల్లా చర్చ చిన్నవా పెద్దవా అన్నచోటే ఆగిపోతుంది.

నా తరగతిలో కొన్నేళ్లుగా ఒకే సంగతిని రెండుసార్లు అడుగుతున్నాను. ముందు రెండు వాక్యాలు రాయిస్తాను, ఆ కాగితం తీసేసుకుంటాను. వారం తర్వాత అదే సంగతి మీద రెండు పేజీలు. పేర్లు కనబడకుండా మడత పెట్టి, ఒక్కో ప్రశ్నను అందరి పేపర్లలోనూ పూర్తి చేశాకే తర్వాతిదానికి వెళతాను. మొన్న ఆడవేషం ప్రశ్నకు రెండు వాక్యాలూ తప్పు రాసిన ఒక అబ్బాయి, వారం తర్వాత వ్యాసంలో మధురవాణి మగవేషం దగ్గర మొదలుపెట్టి వెనక్కి నడిచి, సుబ్బి దగ్గరికి తనంతట తానే వచ్చాడు.