41 కిలోమీటర్ల మీది గాలి

బడి పుస్తకంలో వాతావరణాన్ని అడ్డగీతలతో చూపిస్తారు. కింద ట్రోపో ఆవరణం, దాని మీద స్ట్రాటో ఆవరణం, ఆపైన మీసో ఆవరణం. హైదరాబాద్ ఈసీఐఎల్ దగ్గర టాటా మౌలిక పరిశోధన సంస్థ వారి బెలూన్ కేంద్రంలో పనిచేసేవారికి మాత్రం వాటిలో మొదటి గీతే గండం.

పైకి పోయేకొద్దీ చలి పెరుగుతుంది. యూరప్ మీద ఈ పెరుగుదల ఆ మొదటి గీత దగ్గర, అంటే సుమారు 11 కిలోమీటర్ల ఎత్తున, మైనస్ 55 డిగ్రీలకు కాస్త అటూఇటుగా ఆగిపోతుంది. మన వైపు కాగిన నేల గాలిని ఇంకా ఎత్తుకు తోస్తుంది కనుక, హైదరాబాద్ మీద 16, 17 కిలోమీటర్ల దాకా ఉష్ణోగ్రత పడుతూనే పోయి మైనస్ 80కి చేరుతుంది. అంతటి చలిలో మామూలు పాలిథీన్ గాజులా పెళుసెక్కి పగులుతుంది. అందుకే ఆ చలికీ సాగే గుణం పోని పల్చటి పొరను ఎంచుకుని, పొడవాటి పట్టీలుగా కోసి, అంచులను వేడితో అతుకుతారు. వెంట్రుకకన్నా పల్చనైన ఆ పొర మీద ఒక్క అతుకు సరిగా పడకపోయినా ప్రయోగమంతా నేలపాలే. నేల మీద బెలూన్‌లో నింపేది కొద్దిపాటి వాయువే; మిగతాదంతా వాలిపోయి వేలాడుతుంది. పైన ఒత్తిడి తగ్గేకొద్దీ ఆ కొద్ది వాయువే వ్యాకోచించి బెలూన్‌ని నిండుగా విప్పుతుంది.

2005 ఏప్రిల్ 20న ఆ కేంద్రం నుంచి లేచిన బెలూన్ పరిమాణం 2 కోట్ల 67 లక్షల ఘనపుటడుగులు. దాని కింద 459 కిలోల పరికరం, అందులో 16 స్టీలు గొట్టాలు. వాటిలోని గాలిని ముందే తోడేసి, సూక్ష్మజీవి అన్నది లేకుండా శుద్ధి చేశారు. ప్రయాణమంతా అవి 38 కిలోల ద్రవ నియాన్‌లో మునిగే ఉన్నాయి.

ఈ నియాన్ ఎంపిక దగ్గర నాకు చాలాసేపు ఆగాలనిపిస్తుంది. అది మరిగేది మైనస్ 246 డిగ్రీల దగ్గర. నత్రజని, ఆక్సిజన్ రెండూ అంతకన్నా ముందే గడ్డకడతాయి. గొట్టం మూత తెరిస్తే లోపలికి వచ్చిన గాలి గోడలకు మంచులా పట్టేస్తుంది, లోపల మళ్లీ ఖాళీ. బయటి గాలి మళ్లీ లోపలికి. భూమి మీది ఒత్తిడిలో చాలా చిన్న వంతు మాత్రమే ఉన్న చోట, తిరిగే యంత్రమేదీ లేకుండా గాలిని తోడగలగడం ఇందువల్లే. ఇలా 20 నుంచి 41 కిలోమీటర్ల మధ్య వేర్వేరు ఎత్తుల్లో పట్టిన గాలి పారాచూట్ మీద క్షేమంగా దిగింది.

ఆ గాలిలో సూక్ష్మజీవుల పరిశీలన హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ)లోనూ, పుణేలోని జాతీయ కణశాస్త్ర కేంద్రంలోనూ సాగింది. 12 బాక్టీరియా, 6 శిలీంధ్ర సమూహాలు దొరికాయి. వాటిలో మూడు బాక్టీరియాలు అంతకుముందు ఎవరికీ తెలియనివి. 2009లో వాటికి పేర్లు పెట్టారు: ఖగోళ శాస్త్రవేత్త ఫ్రెడ్ హాయిల్ పేరిట ఒకటి, ఇస్రో పేరిట ఒకటి, ఆర్యభటుడి పేరిట ఒకటి. అతినీలలోహిత కిరణాలను మూడూ తమ దగ్గరి జాతులకన్నా బాగా తట్టుకున్నాయి.

ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లికర్ నడిపిన ప్రయోగం ఇది. జీవం అంతరిక్షం నుంచి భూమికి వచ్చి ఉండవచ్చన్న ఆలోచన మీద ఆయనకు ఎంతో ఆసక్తి ఉండేది. అయినా ఆ మూడూ అక్కడినుంచే వచ్చాయని ఈ ఫలితం తేల్చిచెప్పడం లేదని, ఆ పేర్లు వెల్లడించిన ప్రకటనలోనే స్పష్టంగా రాశారు. గొట్టాల శుద్ధిలో చూపిన నిష్ఠే ఆ వాక్యంలోనూ కనిపిస్తుంది నాకు.