వాలు తెలిసిన చేతులు

గుడివాడలో మా అక్క వాళ్ళింటికి వెళ్తే మేనల్లుడి కంప్యూటర్ పక్కన ప్లాస్టిక్ కుర్చీ నాది. పోయిన వేసవిలో ఒక రాత్రి నేనింకా చెప్పులు విప్పకముందే లోపల్నించి కేకేశాడు. "మావయ్యా, మన తీరంలో ఒక ముక్క కొనేశా. ఒక్క సైనికుడు చావలేదు!"

వాడు ఆడుతున్నది యూరోపా యూనివర్సాలిస్ 4. స్టాక్‌హోంలో ఉండే పారడాక్స్ వాళ్ళు 2013 ఆగస్టులో వదిలిన వ్యూహాల ఆట. వీడు హాలండు. తెర మీద మన కోస్తా అంతా విజయనగరం రంగులో ఉంది. యుద్ధం ప్రకటిస్తే ఖర్చు, ఓడలు అంత దూరం రావాలి, పైగా ఓడిపోతే దిక్కులేదు. అందుకని డబ్బు చెల్లించి కృష్ణ సముద్రంలో కలిసే వైపు ఒక రేవు రాయించుకున్నాడు. వాడి సంబరం చూసి నవ్వాను. భోజనం దగ్గర కూర్చున్నాక మాత్రం వేరే సంగతి తట్టింది. బందరులో వలందపాలెం అని ఒక పేట ఉంది. వలందులంటే డచ్చివాళ్ళు. వాళ్ళు మచిలీపట్నంలో కొఠీ పెట్టింది 1605లో. నాలుగు వందల ఏళ్ళ తర్వాత గుడివాడ కుర్రాడొకడు చరిత్ర పుస్తకం తెరవకుండా, ఎవరూ చెవిలో చెప్పకుండా, అచ్చం వలందుల బుర్రతో లెక్కలు వేశాడు. వాడిచేత ఆ లెక్క వేయించిన పనివాళ్ళ గురించి రాయాలనిపించింది.

ఇలాంటి ఆటల్ని శాండ్‌బాక్స్ అంటారు. మన భాషలో పిచ్చుకగూళ్ళ ఆట. ఇసుక వాళ్ళిస్తారు, గూడు మనిష్టం. 1444 నవంబరు 11న గడియారం మొదలవుతుంది, 1821 దాకా నడుస్తుంది. ఏ రాజ్యాన్నైనా ఎంచుకోవచ్చు. గెలుపంటే ఏమిటో కూడా మనమే తేల్చుకోవాలి. ఇక్కడ కథ చెప్పడం మహా ఇబ్బంది. గట్టిగా చెబితే పిల్లాడి చేతిలోంచి చేట లాక్కున్నట్టు ఉంటుంది, చెప్పకపోతే ఇసుక ఇసుకగానే పడి ఉంటుంది.

కథను కథలాగే చెప్పే ఆటలూ ఉన్నాయి. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2కి 2022 ఏప్రిల్‌లో వచ్చిన 'డైనస్టీస్ ఆఫ్ ఇండియా' విస్తరణలో రాజేంద్ర చోళుడి దండయాత్రల కథ ఉంది. ఒక ఘట్టం ముగిస్తే ఇంకో ఘట్టం, మధ్యలో కథకుడి గొంతు. హరికథ వినడానికి కూర్చున్నట్టు కూర్చోవచ్చు. అందులో ద్రావిడుల చేపలు పట్టేవాళ్ళు ఒక్కో విడతకి 15 ఎక్కువ మోసుకొస్తారు. బందరు గిలకలదిండి హార్బరు చూసినవాళ్ళెవరూ ఆ లెక్క కాదనరు. బాగానే ఉంటుంది, కానీ రాజేంద్రుడు ఎటు వెళ్ళాడో మనమూ అటే వెళ్ళాలి.

శాండ్‌బాక్స్‌లో కథ రాసేవాడి పని మా వైపు కాలువ తవ్వినవాడి పనికి దగ్గర. బెజవాడ దగ్గర పాత ఆనకట్ట 1855లో పూర్తయింది. అక్కణ్ణుంచి బందరు దాకా నీళ్ళను ఎవరూ తోసుకురారు. తవ్వినవాడు కంటికి ఆనని వాలు ఇచ్చి ఊరుకున్నాడు. లాకు ఉన్నచోట నిలబడతాయి, తూము ఎత్తినచోట పొలంలోకి దిగుతాయి, దారి తమదే అన్నట్టు.

ఈ ఆటలో నాకు బాగా నచ్చిన వాలు తైమూరు వంశానిది. ఆట మొదలయ్యేసరికి ముసలి షా రుఖ్ గద్దె మీద ఉంటాడు. చరిత్రలో ఆయన 1447లో పోయాడు. ఆటలో ఎప్పుడు పోతాడో చెప్పలేం, వయసు మీద ఆధారపడిన పాచిక అది. పోయిన మరుక్షణం సామంతులు తల ఎగరేస్తారు. ఆ రాజ్యం చీలుతుంది, ఒక్కోసారి చీలకుండా తట్టుకుంటుంది. ఇక 1526లో బాబరు పానిపట్టుకి రావాలన్న హుకుం ఎక్కడా రాసి లేదు. తైమూరు వారసుల్లో ఎవరైనా ఢిల్లీ చుట్టుపక్కల నిర్ణీత ప్రాంతాలు పట్టుకుంటే మొఘలులని పేరు మార్చుకునే అవకాశం తెరుచుకుంటుంది, అంతే. దాంతో ఒక ఆటలో మొఘలులు ముందే వచ్చేస్తారు, ఒక ఆటలో అసలే రారు. చాలా ఆటల్లో మాత్రం ఎటు తిరిగి ఎటు వచ్చినా వస్తారు. ఆ 'చాలా ఆటల్లో' అన్నది సాధించడానికి ఎన్నిసార్లు వాలు దిద్దుకుని ఉంటారో!

2018 సెప్టెంబరు 6న వచ్చిన 'ధర్మ' విస్తరణ ఈ విద్యని మన దేశం మీదకి తెచ్చింది. అదే ఏడాది మార్చిలో వాళ్ళు మిషన్ల పద్ధతి, అంటే ఆటగాడి ముందు లక్ష్యాలు పెట్టే పద్ధతి మార్చారు. అంతకుముందు మూడు చీటీలు చూపించి ఒకటి తీసుకోమనేవారు. ఇప్పుడు చెట్టులా కొమ్మలు వేసిన పటం. 'ధర్మ' వచ్చేసరికి విజయనగరానికి, బహమనీలకి, మొఘలులకి సొంత చెట్లు మొలిచాయి.

ఒక మిషన్ లోపల ఏముంటుందో దగ్గర్నించి చూడండి. ఆ ఫైలు మామూలు అక్షరాలే, నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటుంది. ముందు స్లాట్ అని ఒకటి నుంచి ఐదు దాకా ఒక అంకె. తెర మీద ఎన్నో నిలువు వరుసలో గడి కనపడాలో అది. తర్వాత దీనికంటే ముందు పూర్తికావలసిన మిషన్ల పేర్లు. ఏ రాజ్యానికి ఇది కనపడాలో ఒక షరతు. పటం మీద ఏ ప్రాంతాలు మెరవాలో ఇంకో షరతు. ఆ కింద ట్రిగ్గర్, అంటే ఏం జరిగితే పూర్తయినట్టు. చివర ఎఫెక్ట్, అంటే దక్కేది. ఇరవై ముప్ఫై వరుసలు, చదివితే రేషన్ దరఖాస్తు అంత నీరసంగా ఉంటుంది.

కిటుకు ఆ చివరి ఎఫెక్ట్‌లో ఉంది. ఒక కోట పట్టుకుంటే బహుమతిగా డబ్బు ఇచ్చి పంపేయరు. తరచుగా ఇచ్చేది పక్క ప్రాంతం మీద హక్కు. నిన్నటిదాకా మనకి పట్టని నేల మీద ఇవాళ దావా పుట్టింది. హక్కు ఉన్న నేల తక్కువ ఖర్చుతో కలిసొస్తుంది, వదిలేస్తే ప్రాణం గిజగిజలాడుతుంది. ఒక ముద్ద మింగగానే ఇంకో ముద్దకి ఆకలి పుట్టించే వంట ఇది. చెట్టు వంక చూడకుండా ఆడుకోవచ్చు, ఎవరూ అడగరు. కానీ చూడకుండా ఉన్నవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

మొఘలుల విషయంలో ఇంకో మెట్టు పైకెళ్ళారు. ఒక్కో సంస్కృతి సమూహాన్ని తమలో ఇముడ్చుకున్నప్పుడల్లా వాళ్ళకి ఒక్కో ప్రత్యేక లాభం కలుగుతుంది. ఢిల్లీలో హాయిగా కూర్చున్న ఆటగాడి చూపు మెల్లగా దక్షిణానికి మళ్ళుతుంది, మన ద్రావిడ గడి ఇంకా ఖాళీగా ఉంది కదా అని. ఔరంగజేబు 1687లో గోల్కొండ తీసుకున్నాడు. ఆ ముసలితనంలో ఢిల్లీ వదిలి ఇక్కడెందుకు పాతికేళ్ళు గుడారాల్లో బతికాడో ఏ పాఠ్యపుస్తకమూ నాకు నమ్మేలా చెప్పలేదు. ఈ ఖాళీ గడి కొంచెం చెప్పింది.

ఇక మా వాడు నొక్కిన బొత్తాం. కంపెనీ చార్టర్ అంటారు. డబ్బిచ్చి, సంబంధాలు బాగున్న ఆసియా రాజు దగ్గర ఒక ప్రాంతం తీసుకుని వర్తక కంపెనీ కింద పెట్టుకోవడం. ఆ తర్వాత దానిమీద పెట్టుబడులు పెట్టొచ్చు: గిడ్డంగి, దలాలీ కచేరీ, పైమెట్టున ఇంకా పెద్దవి. ఒక్క వాక్యం కథ లేదు, ఒక్క పాత్ర మాట్లాడదు. అయినా అరగంటలో వాడు కంపెనీ గుమాస్తాలా మాట్లాడటం మొదలెట్టాడు. "ఈ రేవులో గిడ్డంగి కట్టినందుకు పక్క రేవు కూడా లాభపడుతోంది మావయ్యా, అదీ మనదైతే?" అన్నాడు. మొత్తం విస్తరణలో గొప్ప పనితనం నా దృష్టిలో ఇదే. అత్యాశని పాఠంలా చెప్పకుండా బొత్తాంలో పెట్టి అందించారు.

అయితే బందరు మనిషిగా ఒక పేచీ. ఇంగ్లీషువాళ్ళ గ్లోబ్ ఓడ ఇటు వచ్చింది 1611లో. తర్వాత గోల్కొండ సుల్తాను ఫర్మానా సంపాదించి, ఏడాదికి 500 వరహాలు కట్టి ఆయన రేవుల్లో స్వేచ్ఛగా వర్తకం చేసుకునే హక్కు పొందారు. ఫ్రెంచివాళ్ళు 1669లో కొఠీ తెరిచారు. వీళ్ళందరికీ ఇక్కడ ఉన్నది అద్దె ఇంటి బతుకు. రేవుని ఏలే హవల్దారుకి కోపం వస్తే సరుకు ఆగిపోయేది. ఫ్రెంచివాళ్ళు కోట తమదన్నది 1750లో. ఇంగ్లీషు కర్నల్ ఫోర్డ్ దాన్ని వాళ్ళ దగ్గర్నుంచి రాత్రి దాడితో గుంజుకున్నది 1759 ఏప్రిల్‌లో. వలందపాలెం, ఇంగ్లీషుపాలెం, పరాసుపేట, పక్కపక్క పేటలుగా ముగ్గురూ ఒకే ఊళ్ళో అద్దెకున్నారు. ఆటలో ఒక ప్రాంతానికి ఒక్కడే యజమాని. ఒకే రేవులో ముగ్గురు అద్దెదారులు, పైన ఒక సుల్తాను, మధ్యలో కోమట్లు, పారశీక వర్తకులు, దుబాసీలు అన్న బందరు అసలు స్వరూపానికి ఆ గడిలో చోటు లేదు.

ఇంకా పెద్ద పేచీ వర్తకం బాణాలది. ఈ ఆటలో సరుకు గట్టిగా ఒకేవైపు పారుతుంది. కోరమండల్ నుంచి మొదలైనది మజిలీ మజిలీగా పడమటికే పోవాలి. చిట్టచివరి మడుగులు మూడే: ఇంగ్లీషు ఛానల్, జెనోవా, వెనిస్. వెనక్కి తిప్పే వీల్లేదు. 17వ శతాబ్దపు బందరు ఓడలు పెగూకి వెళ్ళాయి, ఆచేకి వెళ్ళాయి, బందర్ అబ్బాస్‌కి, మోఖాకి వెళ్ళాయి. పెడనలో ఇవాళ్టికీ అద్దే కలంకారీ పూలతీగల్లో పారశీకుల అభిరుచి కనపడుతుంది. ఆ గుడ్డ లండన్ కోసమే పుట్టిందని చెప్పే పటం మా కాలువ భాషలో చెప్పాలంటే సముద్రం వైపు నుంచి మాత్రమే సర్వే చేసిన పటం. ఇది పారడాక్స్ వాళ్ళకీ తెలిసే ఉంటుంది. 2025 నవంబరులో వచ్చిన ఐదో భాగంలో ఆ ఒకేవైపు బాణాలు తీసేసి మార్కెట్లు పెట్టారు. అది 1337లోనే మొదలవుతుంది, అంటే మన తీరంలో కాకతీయుల పతనం తర్వాతి గందరగోళం, అద్దంకి రెడ్ల కొత్త కాపురం.

వర్గాల సంగతీ అంతే. 'ధర్మ'లో రాజుగారి చుట్టూ ఉండే వర్గాలుగా బ్రాహ్మణులు, రాజపుత్రులు, మరాఠాలు, జైనులు, వైశ్యులు ఉన్నారు. ఉత్తరాది దర్బారుకి సరిపోయే జాబితా. రెడ్లు, వెలమలు, కమ్మలు కోటలేలిన నేలకి ఇది అతకదు. అక్కన్న మాదన్నల్లాంటి తెలుగు బ్రాహ్మణ మంత్రులు గోల్కొండ ఖజానా నడిపి, 1686లో వీధిలో హత్యకు గురైన కథ ఆ బ్రాహ్మణ వర్గమన్న ఒక్క బొమ్మలో ఎలా ఇముడుతుంది?

మీర్ జుమ్లా సంగతి తలుచుకుంటే ఇంకా ఉసూరుమంటుంది. ఇరాన్ నుంచి వచ్చి, వజ్రాల్లో గడించి, 1630లలో బందరు హవల్దారై, సొంత ఓడలు నడిపి, గోల్కొండ మంత్రై, కర్ణాటకంలో సొంత రాజ్యమంత సంపాదించి, చివరికి సుల్తానుని వదిలి మొఘలుల పక్కకి చేరినవాడు. ఐదు వరుసల మిషన్ చెట్టుకి ఇంతకంటే సరుకు ఎవరిస్తారు? కానీ ఈ ఆట రాజ్యాలది. మనుషుల ఆట వేరే ఉంది, పారడాక్స్ వాళ్ళదే, క్రూసేడర్ కింగ్స్ 2. 2014లో 'రాజాస్ ఆఫ్ ఇండియా'తో మన పటం అందులోకొచ్చింది. వియ్యాలు, వారసత్వాలు, తల్లివైపు హక్కులు దాని సొత్తు. వేంగి రాజరాజ నరేంద్రుడికి చోళుల ఆడపడుచు అమ్మంగదేవి కన్న కొడుకు 1070లో చోళ సింహాసనం ఎక్కి కులోత్తుంగుడవడం ఆ ఆట కోసమే జరిగినట్టుంటుంది.

శివారు గురించి కూడా చెప్పాలి. మా డెల్టాలో కాలువ ఎంత బాగా తవ్వినా దివిసీమలో నాగాయలంక, కోడూరు వైపు చివరి భూములకి నీరందడం ఏటా తగువే. ఈ ఆటా అంతే. మొదటి నూటయాభై ఏళ్ళు మిషన్లు, సంఘటనలు నిండుగా పారతాయి. ఆ తర్వాత మనం బలిసిపోతాం, ఎదురు లేదు, చెట్టు కొమ్మలన్నీ పచ్చబడిపోయాయి. 1821 దాకా ఆడినవాళ్ళని నేను వేళ్ళ మీద లెక్కపెట్టగలను. మా వాడు ఎప్పుడూ 1650 దాటలేదు.

మొన్న సంక్రాంతికి వెళ్తే అడిగాడు. "మావయ్యా, ఇందులో డిజాస్టర్ అంటే అంతర్యుద్ధమో, రైతుల తిరుగుబాటో. మన ఉప్పెన లేదేం?" ఆట 1821తో ఆగిపోతుంది, బందరుని ముంచిన ఉప్పెన 1864 నవంబరు 1 రాత్రిది, ముప్ఫై వేలమంది పోయారంటారు అని చెప్పాను. "అయితే మనమే ఒకటి రాద్దాం" అని ఫైలు తెరిచాడు. సంఘటన రాయడం వాడికి కొట్టినపిండి. తీరప్రాంతమై ఉండాలి, రేవు ఉండాలి, జరిగితే జనం ఇంత తగ్గాలి, వర్తకం ఇంత పడిపోవాలి. అన్నీ టకటకా కొట్టాడు. చివర నెలల అంకె దగ్గర ఆగాడు. అక్కడ ఎన్ని నెలలు రాస్తే అన్ని నెలలు గడిచేసరికి ఆ సంఘటన జరగడానికి సగం అవకాశం అన్నమాట.

"దీని తర్వాత పెద్దది ఎప్పుడు మావయ్యా?"

"దివిసీమది. 1977 నవంబరు 19."

ఫోన్లో లెక్క వేశాడు. నూట పదమూడేళ్ళు, 1356 నెలలు. అంకె కొట్టాడు. వెనక గదిలో వాళ్ళ నాయనమ్మ మాత్రలు వేసుకోవడానికి లేచిన చప్పుడైంది. ఆవిడ పుట్టిల్లు నాగాయలంక. వాడు ఆ ఫైలు సేవ్ చెయ్యకుండానే మూసేశాడు.