చింతపండు, బూడిద, మళ్లీ చింతపండు

ఆదివారం పొద్దున్నే ఊరి నుంచి అన్నయ్య వాట్సాప్‌లో రెండు ఫొటోలు పంపాడు. ఒకటి మసిబారిన మా గుడి మండపం. రెండోది నీళ్ల మెషీన్‌తో కడిగించాక. కింద, ‘వెయ్యేళ్ల గుడి ఎట్ల మెరుస్తుందో చూడు తమ్మీ.’ కడిగించినందుకు శభాష్ అని రాశాను. ‘వెయ్యేళ్ల’ దగ్గర మాత్రం పళ్లు నూరుకున్నాను. ఈ కాలమ్ చదివేవాళ్లకు నా పాత జబ్బు తెలుసు. మన దగ్గర మూడు తరాలు దాటితే చాలు, ఏదైనా వెయ్యేళ్లదే.

గోల్కొండ నయాఖిలాలో హతియాన్ కా ఝాడ్ అనే బావోబాబ్ ఉంది కదా, దానికీ నోటికొచ్చినన్ని ఏళ్లు చెప్పేవాళ్లు. రొమేనియాకు చెందిన ఏడ్రియన్ పత్రుట్ బృందం సన్నటి చెక్క ముక్కలు తీసి కార్బన్ డేటింగ్ చేస్తే 475 ఏళ్లు, అటూ ఇటూ ఓ 50 అని తేలింది. అంటే గోల్కొండను ఏలిన మల్కిభరాముడి కాలం దరిదాపులది. చాలదా?

నాకు ఆ అంకె కన్నా దాని ముందు జరిగే చాకిరీ ఇష్టం. శాంపిల్‌ను సన్నగా తరిగి ముందు ఆమ్లంలో నానబెడతారు. సున్నం లాంటివి పోతాయి. తర్వాత క్షారం, మట్టిలోంచి పట్టిన పరాయి కర్బనం కరుగుతుంది. మళ్లీ ఆమ్లం. ఎందుకంటే క్షారం ఊరుకోదు, కడుగుతుండగానే ఇవాళ్టి గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను తాగేస్తుంది. చెక్క అయితే తెల్లబరిచి సెల్యులోజ్ ఒక్కటే మిగులుస్తారు. చెట్టు రసాలు ఈ పొర నుంచి ఆ పొరకు తిరుగుతాయి, సెల్యులోజ్ పుట్టినచోటే ఉంటుంది. దాన్ని కాల్చి, వచ్చిన వాయువును గ్రాఫైట్‌గా మార్చి యంత్రానికి అందించేది మిల్లీగ్రాము లెక్కలోనే. 17,000 ఏళ్ల బొగ్గులో నేటి కర్బనం ఒక్క శాతం మిగిలినా 600 ఏళ్లు తగ్గిపోతాయి.

పండగ ముందు రోజు మా అమ్మ బోళ్లు తోమేదీ ఇదే వరసలో. చింతపండు, పొయ్యిలో బూడిద, మళ్లీ చింతపండు నీళ్లు. మూడోసారి ఎందుకమ్మా అంటే, ‘బూడిద ఉంటే తెల్లారేసరికి మచ్చ పడ్తది’ అనేది. బావి గట్టు మీద వరసగా బోర్లించిన ఇత్తడి బిందెల మీద ఎండ పడితే కళ్లు చెదిరేవి. శుభ్రం మీద నాకున్న పిచ్చి అక్కడ అంటుకున్నదే. ఆ తోముడుకే తాత పెళ్లినాటి చెంబు మీది పేరు అరిగిపోయింది. ఇప్పుడది ఎవరిచ్చిన చెంబో చెప్పేవాళ్లు లేరు. ల్యాబులోనూ అంతే. పుచ్చిన బొగ్గును క్షారంలో ఎక్కువసేపు ఉంచితే కడగడానికి ఏమీ మిగలదు.

మా చైతన్యపురిలో మూసీ ఒడ్డున, కోసగుండ్ల నరసింహస్వామి గుట్ట మీద ప్రాకృత శాసనం ఉంది. విష్ణుకుండిన గోవిందవర్మ నాటిదని అక్షరాల తీరును బట్టి చెప్పారు. కార్బన్ పెట్టి చూడొచ్చు కదా అని నన్ను అడిగేవాళ్లున్నారు. బండ ఏనాడూ గాలి పీల్చి పెరిగింది కాదు. ఉలి దెబ్బ ఏ ఏడు పడిందో దాని ఒంట్లో ఉండదు.

ఇంతవరకూ రాసి ఆగాను. బండలో లేకపోతే మరెక్కడ ఉంటుంది? మసిలో. దీపంలో పోసిన నూనె ఏదో ఒక ఏటి నువ్వులదీ, ఆముదాలదీ. ఆ ఏటి గాలే ఆ నల్లటి పొర. రాతికి అంటుకున్న అడుగు పొర అన్నిటికన్నా పాతది. అన్నయ్య వెయ్యేళ్ల మాటను తేల్చడానికి ఉన్న సాక్షిని నీళ్లతో కొట్టించేస్తే శభాష్ అన్నది నేనే.

ఫొటో మళ్లీ తెరిచి పెద్దది చేసి చూశాను. గర్భగుడి గడప పైన, ఓ మూల, అరచేతి వెడల్పున నలుపు కనిపించింది. వెంటనే ఫోన్ చేశాను.

“గదొక్కటి మర్శిన్రు తమ్మీ,” అన్నాడు అన్నయ్య నొచ్చుకుంటూ. “రేపొచ్చి కడుగుతరు.”