వరుస చెప్పని ప్రోగ్రాం

వేగం కావాలంటే సీ భాషలోనే రాయాలని ప్రోగ్రామర్ల గట్టి నమ్మకం. ఏం కావాలో చెప్పి, ఎలా చేయాలన్నది కంపైలర్‌కి వదిలేసే డిక్లరేటివ్ భాషలు పరుగులో వెనకబడతాయని కూడా అంటారు. బెంగళూరు ఐఐఎస్‌సీలో రవితేజ ముళ్ళపూడి, వినయ్ వశిష్ఠ, ఉదయ్ బొండుగుల తయారుచేసిన పాలీమేజ్ చూశాక ఆ మాట అంత తేలిగ్గా అనలేం.

2015లో వెలువడిన ఈ చిన్న భాష ఫొటోల పని కోసం పుట్టింది. ఇందులో లూపులు రాయం. ఏ పిక్సెల్ విలువ ఏ పిక్సెళ్ల నుంచి వస్తుందో రాస్తాం, అంతే.

బొమ్మను మసకబార్చడమే తీసుకోండి. ముందు అడ్డంగా మూడేసి పిక్సెళ్ల సగటు, తర్వాత ఆ ఫలితంలో నిలువుగా మూడేసి సగటు. సీలో సూటిగా రాస్తే ఒకదాని తర్వాత ఒకటిగా రెండు దశలు. 1.2 కోట్ల పిక్సెళ్ల బొమ్మకి, పిక్సెల్‌కి 4 బైట్ల చొప్పున, మధ్య ఫలితమే 4.8 కోట్ల బైట్లు. మామూలు క్యాష్‌లో అది పట్టదు. మెమరీకి పోయి తిరిగి రావాలి, కాలమంతా ఆ రాకపోకలకే సరిపోతుంది.

పాలీమేజ్ బొమ్మను పలకలుగా కోస్తుంది. పలక 32 వరుసలు, 256 నిలువు గళ్లు అనుకుందాం. దానికి కావలసిన మధ్య ఫలితం 34 వరుసలే: పైన ఒకటి, కింద ఒకటి అదనం. మొత్తం 34,816 బైట్లు, కోర్ పక్కనున్న క్యాష్‌లో హాయిగా ఇమిడిపోతాయి. హద్దు దగ్గరి రెండు వరుసల్ని అటు పలకా ఇటు పలకా విడివిడిగా లెక్కేసుకుంటాయి. చేసిన లెక్కే మళ్లీ చేయడం దండగనిపిస్తుంది గానీ, ఆ 6 శాతం అదనపు పనితో మధ్య ఫలితం మెమరీ గడప తొక్కాల్సిన అవసరమే పోయింది. పైగా ఏ పలకా ఇంకో పలక కోసం ఆగదు, కోర్లన్నీ ఒకేసారి పనిచేస్తాయి. ఏ దశల్ని కలపాలి, ఎంత అతివ్యాప్తిని ఒప్పుకోవాలి అన్నది కంపైలరే తేలుస్తుంది. పలక కొలతల్ని ఆ యంత్రం మీదే నడిపి చూసి ఎంచుకుంటుంది. నాకు ముచ్చటేసిన పనితనం ఇదే.

సీలో చేత్తో ఇదంతా రాయొచ్చు. కానీ పది, ఇరవై దశలున్నచోట ఒక్క దశ మారితే హద్దు లెక్కలన్నీ మొదటికొస్తాయి. సీ కంపైలర్ తనంతట తాను చేద్దామన్నా మనం రాసిన వరుస అడ్డు, రెండు పాయింటర్లు ఒకే చోటుని చూపిస్తున్నాయేమోనన్న అనుమానం అడ్డు. వరుసే చెప్పని భాషలో ఆ చిక్కు లేదు.

చివరికి పాలీమేజ్ రాసిచ్చేది కూడా సీ ప్లస్ ప్లస్ కోడే. కాబట్టి పోటీ ఆ కోడ్‌ని చేత్తో రాసే నిపుణుడితో. కెమెరా రా ఫైళ్లను ఫొటోలుగా మార్చే పనిలో, చేత్తో చెక్కిన ప్రోగ్రాంతో అది సరిసమానంగా నిలిచింది. పలకల ఏర్పాటును అప్పట్లో మనిషే చెప్పాల్సి వచ్చిన హాలైడ్ భాషలో, అలా చేత్తో సరిదిద్దిన ప్రోగ్రాముల కంటే గరిష్ఠంగా 1.81 రెట్లు వేగం చూపింది. నా దృష్టిలో నిపుణుడి కోడ్‌తో సమానంగా నిలవడమే గొప్ప.

ఫొటోలే కాదు, అలల్ని కంప్యూటర్లో లెక్కగట్టాలన్నా, పిక్సెల్ లాగే ప్రతి గడీ పొరుగు గళ్లను అడగాల్సిందే. అలాంటి లెక్కలకూ పనికొచ్చే ప్లూటోని బొండుగుల బృందం 2008లో తెచ్చింది. అది సీ లూపుల్ని తీసుకుని, వరుస మార్చి, మళ్లీ సీలోనే ఇస్తుంది. ప్లూటో, పాలీమేజ్ రెంటికీ ఒకటే షరతు: ఏ గడి ఏ గడిని అడుగుతుందో సరళ సూత్రంలో ముందే తెలియాలి.

ముళ్ళపూడి 2016లో హాలైడ్ రూపకర్తలతోనే కలిసి, దాని పలకల ఏర్పాటును కూడా కంపైలర్ చేతికే అప్పగించే పద్ధతిని ప్రచురించారు.