వీరరసము – గని కార్మిక నాయకుడు

కావ్యనాయకుని లక్షణములు కాలమును బట్టి మారుచుండును. ఓరుగల్లున విద్యానాథుడు రచించిన ప్రతాపరుద్రీయమున నాయకగుణములలో మహాకులీనత గణింపబడినది. అందలి ఉదాహరణములకు కాకతి ప్రతాపరుద్రుడే నాయకుడు. కాని ఆ కాకతీయుల యేలుబడిలోనే పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున రజకుడైన మడివాలు మాచయ్యను, బోయయైన కన్నప్పను వీరభక్తులుగా కీర్తించెను. వారి ఘనతకు హేతువు భక్తియే గాని వంశము కాదు. కావున లక్షణమునకును లక్ష్యమునకును గల యీ వైరుధ్యము నేటిది కాదు.

1889వ సంవత్సరమున సింగరేణిలో మొదలైన బొగ్గుత్రవ్వకము కాలక్రమమున గోదావరీతీరమునకు వ్యాపించి, గోదావరిఖని వంటి పట్టణములకు జన్మమిచ్చెను. అల్లం రాజయ్య మొదలగువారి కథలలో గని కార్మికుడు నాయకుడయ్యెను. ఇతడు తట్టయు చెమ్మసును పట్టి బాయి దిగువాడు. ఇతనికి రాజ్యము లేదు. ఎదుట ఖడ్గధారియైన శత్రువు లేడు. ప్రతినాయకుడు లేనిచోట వీరమెట్లు సిద్ధించును? ఇది కరుణమే యగునని కొందరు శంకింపవచ్చును.

ఈ శంకకు సమాధానము శాస్త్రముననే కలదు. వీరమునకు స్థాయి ఉత్సాహము. యుద్ధము దాని భేదములలో నొకటి మాత్రమే. దాన, దయా, ధర్మవీరములు ప్రసిద్ధములు. ఆంధ్రుడైన జగన్నాథ పండితరాయలు రసగంగాధరమున సత్యవీర, క్షమావీరాదులను గూడ చూపి, వీరభేదములు అనేకములు కావచ్చుననెను. కావున గని కార్మికుని వీరునిగా గ్రహించుటకు శాస్త్రము అడ్డుపడదు.

అయినను వివేచనము ఆవశ్యకము. 2003వ సంవత్సరము జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలో నీరు చొచ్చి 17 మంది కార్మికులు మరణించిరి. అట్టి మృతి శోకమునకు ఆలంబనము; దానికి వీరమరణమని పేరిడినంతనే రసము మారదు. పైగా నివారింపదగిన ప్రమాదమును శౌర్యముగా వర్ణించినచో, దుఃఖము అలంకారమగును, కారణవిచారము మరుగుపడును. పైకప్పు కూలనున్నదని యెరిగియు తోడివానికై వెనుకకు మరలినవాడు దయావీరుడు. తన యొక్కని లాభమునకు గాక అందరి రక్షణకై సమ్మెలో నిలిచి పస్తులోర్చినవాడు ధర్మవీరుడు. దిమ్మలు నిలుపనిచోట పని చేయనని నిర్భయముగా పలికినవానియందును ఉత్సాహము కలదు.

గని కార్మికులకు నల్లసూర్యులను బిరుదు లోకమున వాడుకలో నున్నది. అది మనోహరమే, కాని బిరుదు రసమును పుట్టింపజాలదు. బిరుదుతో తృప్తిపడిన రచన పూర్వపు రాజస్తుతినే మరల చేయుచున్నది. స్తుతింపబడువాడు మాత్రమే మారెను. కార్మికుని నిర్ణయమును, భయమును, భయమును గెలిచిన క్షణమును చూపిన రచనయే వీరకావ్యమగును.

పూర్వకావ్యములు రాజ్యమును కాపాడువానిని వీరుడనెను. గని కథలు తోడివాని ప్రాణమును కాపాడువానిని వీరుడనుచున్నవి. స్థాయి మారలేదు. లోకము దేనిని రక్షణార్హమని తలచునో అది మారెను.